నూకాలు ఎడమ పక్క

గరికిన మంగతాయి ఆ పడవని కొన్న రోజున రేవులో చూడ్డానికొచ్చినవాళ్ళందరూ దాని రంగు మెచ్చుకున్నారు. మొగుడు కామేశు ఇంజను మూత తెరిచి తల లోపల పెట్టేశాడు. మరిది లోవరాజు ఐసు గదిలోకి దూరి, ఎన్ని సూర చేపలు పడతాయో ఊహించుకుంటూ ఎంతకీ బయటికి రాలేదు. మంగతాయి మాత్రం చెప్పులు విప్పి డెక్కు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న చద్దన్నంలో మాగాయ కలుపుకుని తినడం మొదలుపెట్టింది.

అది వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి. ఆయనా పడవ నడిపే సరంగే. పాత పడవని నిలబడి కొనకూడదు, కూర్చుని కొనాలి అనేవాడు. అన్నం తినేంతసేపు కదలకుండా కూర్చుంటే అది ఎటు ఒరుగుతోందో, ఎక్కడ కిర్రుమంటోందో, అలకి ఎంత ఓర్చుకుంటోందో ఒంటికే తెలిసిపోతుంది. మంగతాయి గిన్నె కడుక్కుని లేచేసరికి ఆమెకి పడవ నచ్చేసింది. దాని పేరు నూకాలు.

అమ్మినాయన సూరాడ ధనరాజు, ఉప్పాడ వైపు పేరున్న సరంగు. వయసు మీద పడిందని పడవ వదిలేస్తున్నాడు. మోకు విప్పి మంగతాయి చేతిలో పెట్టాడు. ఆ తరవాత వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. ఆ తీరంలో రివాజు అది. అమ్మిన పడవని అమ్మినవాడు మళ్ళీ తాకకూడదు, దాని మంచీ చెడ్డా మాట్లాడకూడదు, కొన్నవాడు అడగకూడదు. ఇచ్చిన పిల్ల కాపురంలో పుట్టింటివాళ్ళు వేలు పెట్టకూడదన్న న్యాయమే పడవలకీ పెట్టేశారు. పిల్లల కాపురాల్లో దీన్ని ఎవరూ పాటించరు గానీ, పడవల దగ్గర మాత్రం అందరూ పాటిస్తారు.

మామూలు పడవైతే ఆ రివాజుతో పెద్ద నష్టం లేదు. నూకాలు నాడిపడవ. దాని ఒళ్ళంతా వెంట్రుకంత సన్నటి తీగలు నేసి ఉంటాయి. నీటి ఒత్తిడి, చుట్టుపక్కల చప్పుళ్ళు, చుక్కాని చక్రం మీద సరంగు చేతుల బిగువు, అన్నీ ఆ తీగలకి తెలుస్తాయి. ఏళ్ళ తరబడి ఒకే మనిషి చేతిలో నలిగిన నాడిపడవ ఆ మనిషిని చదివేసుకుంటుంది. అందుకే కొత్తదాని కంటే పాతదానికే గిరాకీ. ఆటుపోట్లు, సుడులు, చేపల దారులు, అన్నీ దానికి అప్పటికే కంఠస్థం.

ఏటా వేసవిలో పెట్టే వేట నిషేధం ఇంకా ఎత్తలేదు. ఎత్తగానే మంగతాయి నూకాలుని తీసుకుని నడిసముద్రంలోకి, ఒడ్డు కనబడని దూరం పోయి, రెండు మూడు వారాలు సూర చేపల కోసం గాలాలు వెయ్యాలని నిర్ణయించుకుంది. పడవలో నలుగురు. తను, కామేశు, లోవరాజు, గాలాల పని తెలిసిన పోలయ్య. అంత దూరంలో ఏదైనా అయితే వచ్చి ఆదుకునేవాడుండడు. కాబట్టి ఈలోగా ఇల్లు కనబడే దూరంలోనే దీని గుణం తెలుసుకోవాలి. తెలియకపోతే ప్రయాణం లేదు. ఈ మాట ఆమె మొదటిరోజే ముగ్గురికీ చెప్పేసింది.

మొదటి ప్రయాణంలోనే నూకాలు ఆమెని మురిపించింది. హోప్ ఐలాండ్ దాటుతుండగా చేతిలో చక్రం దానంతటదే కొద్దిగా ఎడమకి తిరిగింది. మొండిగా కాదు. తిరునాళ్ళలో పెద్దావిడ ఎవరో భుజం పట్టుకుని పక్కకి జరిపినంత మెత్తగా. మంగతాయి ఉలిక్కిపడి కుడివైపు చూసింది. నీళ్ళలో మునిగీ మునగని కొబ్బరి మొద్దొకటి పక్క నుంచి తేలుతూ పోయింది.

"సూశావా ఒదినా! మనకన్నా ముందు దీనికే కనపడింది," అని లోవరాజు ఎగిరి గంతేశాడు.

"గెంతకురా, దానికి కితకితలెడతాయి," అన్నాడు పోలయ్య. ఆయన నాడిపడవ ఎక్కడం అదే మొదలు. తీగల మీద కాలు పడుతుందేమోనని మడమలెత్తి నడుస్తున్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆ మురిపెం కాస్తా కరిగిపోయింది. ఎడమవైపు తెప్పలవాళ్ళు వేసుకున్న వల ఉంది. నాటు తెప్పలకి నిషేధం లేదు. వల బెండ్లు తెల్లగా, వరసగా, గుడ్డివాడికి కూడా కనబడేలా ఉన్నాయి. మంగతాయి అప్పుడే కామేశు అందించిన టీ గ్లాసు కోసం చెయ్యి చాపింది. నూకాలు చూసుకుంటుందిలే అన్న ధీమా. నూకాలు చూసుకోలేదు. తిన్నగా పోయి వల మీదకి ఎక్కేసింది. వల చుట్టుకుని పడవ కింది పంకా ఆగిపోయింది. తెప్ప మీద మనిషి లేచి నిలబడి, వాళ్ళ ఏడు తరాలనీ పేరు పేరునా పలకరించాడు. వల విప్పి, చిరిగినంత మేరా కుట్టిచ్చేసరికి పొద్దు వాలిపోయింది.

ఆ తరవాత రోజూ అదే వరస. కుడిపక్క నూకాలంతటి పడవ లేదు. మొద్దు, వల, ఎదురొచ్చే పడవ, ఆఖరికి ఈదుకుంటూ పోయే తాబేలు, దేన్నైనా ముందే పసిగట్టి తప్పుకునేది. ఎడమపక్క మాత్రం చలనం లేదు. కావాలని ఎడమవైపు డొల్ల డ్రమ్ములు తేలేసి వాటి మీదకి పోనిచ్చారు. డ్రమ్ములు ఒక్కొక్కటీ ధన్ ధన్‌మంటూ తగిలాయి. నూకాలుకి చీమ కుట్టినట్టయినా లేదు.

నాడిపడవలు తయారుచేసిన కంపెనీకి కాకినాడలో ఒక షెడ్డు ఉంది. అక్కడ ఇంజనీరు నస్రీన్. ఈ తీగలు పడవకి ఏం నేర్పాలో నిర్ణయించిన బృందంలో ఆమె కూడా ఉంది. ఆమె వచ్చి నూకాలు ఒళ్ళంతా పరీక్షించింది. ఎడమపక్క తీగలకి నీళ్ళలోంచి చప్పుడు పంపించి చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి.

"వినపడుతోందండీ దీనికి. విని ఊరుకుంటోంది," అంది.

"ఇని ఊరుకోడమేటమ్మా? మా ఆయనలాగా?" అంది మంగతాయి. కామేశు ఇంజను గదిలోకి జారుకున్నాడు.

నస్రీన్ నవ్వింది. "సరంగు చూసుకునే పనిని పడవ ముట్టుకోదండీ. ఆయన వదిలేసిన పని మాత్రమే అందుకుంటుంది. ఇద్దరూ ఒకే పని చేస్తే చక్రం దగ్గర కుస్తీ అయిపోతుంది కదా. అందుకని మేమే అలా చేశాం. ధనరాజు గారు ఎడమపక్క బాగా చూసుకునేవారేమో. అది ఆయనకి వదిలేయడం అలవాటైపోయింది."

"గాలాలు లాగే రాట్నం ఎడం పక్కే ఉంది గదా. ఆయన కళ్ళెప్పుడూ అటే ఉండుంటాయి," అన్నాడు పోలయ్య. ఆ మాట అందరికీ సబబుగానే తోచింది.

మందు ఒకటే ఉందని నస్రీన్ చెప్పింది. జ్ఞాపకమంతా తుడిచేయడం. అప్పుడు నూకాలు రెండు పక్కలా కొత్తగా నేర్చుకుంటుంది. కానీ ఒకట్రెండేళ్ళ దాకా దానికి ఏమీ తెలియదు. పాత సరంగు నేర్పిన సముద్రమంతా పోతుంది. తుడవకుండా వదిలేస్తే కొత్త చేతికి అలవాటు పడొచ్చు. ఎన్నాళ్ళు పడుతుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. తుడిస్తే దూరప్రయాణం ఈ ఏడాదికి లేనట్టే. తుడవకుండా తీసుకెళ్తే నాలుగు ప్రాణాలని సగం చూపుతో తీసుకెళ్ళినట్టు.

"నిషేధం ఎత్తేదాకా సూత్తానమ్మా," అంది మంగతాయి. "అప్పటికీ మారకపోతే తుడిసెయ్యి."

ధనరాజుని ఒక్కమాట అడిగితే సరిపోయేది కదా అని నస్రీన్ అంది. ఆ మాటకి నలుగురూ ఆమె వైపు ఎంత వింతగా చూశారంటే, నస్రీన్ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మంగతాయి పట్టు వదల్లేదు. రోజూ తెల్లవారగానే ఎడమవైపు డ్రమ్ములు వేసుకోవడం, వాటి పక్కనుంచి నూకాలుని నడపడం. ఒకరోజు చక్రం మీద ఆమె ఎడమ అరచేతికి సన్నటి అదురు తగిలింది. చూస్తే ఎడమవైపు, బాగా ఓరన, దాదాపు వెనక్కి, ఒక డ్రమ్ము తేలుతోంది. మళ్ళీ తిప్పి చూసింది. మళ్ళీ అదురు. నేరుగా ఎడమన ఉన్నదాన్ని నూకాలు ఇంకా పట్టించుకోవడం లేదు గానీ, ఆ ఓరన ఉన్నదాన్ని మాత్రం పట్టుకుంటోంది.

"నేర్సుకుంటందిరా!" అని అరిచింది మంగతాయి. "నా బంగారం నేర్సుకుంటంది!" ఆ పూట పీతల ఇగురు తనే వండి అందరికీ వడ్డించింది. కామేశు వంట తినీ తినీ విసిగిన లోవరాజు నూకాలుకి చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

మర్నాడు చేపల బజారులో ధనరాజు భార్య అప్పయమ్మ కనబడింది. ఎండుచేపల గంప ముందు దిగాలుగా కూర్చుంది. పడవ సంగతి మాట్లాడకూడదు కాబట్టి మంగతాయి కాళ్ళ నొప్పుల సంగతి మాట్లాడింది. అప్పయమ్మ ఉండబట్టలేక తనే బయటపెట్టింది.

"ఊరంతా మా ఆయన తాగుతన్నాడంటన్నారే. తాగడే! నోరు వాసన చూశాను గదా, ఒట్టు. బోటున్నన్నాళ్ళూ పులిలాగ తిరిగేడు. ఇప్పుడు ఇంట్లో నడత్తా నడత్తా గుమ్మానికి గుద్దుకుంటాడు. మొన్న కుండ తన్నేశాడు. నిన్న సందులో ఆటోవోడు గుద్దబోయి బూతులు తిట్టాడు. నీళ్ళమీద బతికిన కాళ్ళు గదా, నేల పడతల్లేదంటాడు. కుడి భుజమంతా కమిలిపోయిందే."

మంగతాయి ఏరుకుంటున్న ఎండుచేపలు గంపలో పడేసింది. "కుడి భుజమేనా పిన్నీ?"

"కుడి భుజం, కుడి మోకాలు. ఎడం పక్క దెబ్బే లేదు. అదేం సిత్రమో."

చేపల బేరం అక్కడే వదిలేసి మంగతాయి నస్రీన్ షెడ్డుకి పరిగెత్తింది. నస్రీన్ భోజనం చేస్తోంది. మంగతాయి చెప్పిన మాటలు వింటూ వింటూ చెయ్యి కడిగేసుకుంది.

"అంటే ఆయనకి కుడికన్ను లేదు," అంది నస్రీన్ నెమ్మదిగా. "ఆయన ఎడమవైపు బాగా చూసుకోవడం కాదండీ అసలు సంగతి. కుడివైపు చూడలేకపోవడం. ఆ లోటంతా పడవ మోసింది."

"మరి ఆయనకి తెలీదా?"

"పడవ కొద్దికొద్దిగా మోసింది కదండీ. కన్ను కొంచెం తగ్గగానే అది కొంచెం అందుకుంది. ఇంకొంచెం తగ్గితే ఇంకొంచెం. దేన్నీ గుద్దుకోకపోతే కన్ను పోతోందని మనిషికి ఎలా తెలుస్తుంది?"

మంగతాయికి కాస్త ధైర్యం వచ్చింది. "పోనీలే, ఎడం కన్నుంది గదా. మా నూకాలు కూడా ఎడమవైపు నేర్సుకుంటందమ్మా. ఓరన ఉన్నదాన్ని పట్టుకుంటంది."

నస్రీన్ ముఖం మారింది. ఓరన అంటే ఎక్కడో చూపించమంది. రేవుకి వెళ్ళి నూకాలు తీగలకి తన పెట్టె తగిలించి, ఆ అదురు ఎప్పటిదో వెతికింది.

"ఇది మీరు నేర్పింది కాదండీ. మీరు కొనకముందు నుంచే ఉంది. నిరుడు మొదలైంది." అంది నస్రీన్. "ఎడమకన్ను కూడా అంచు నుంచి పోతోంది. అది కూడా పడవే అందుకోవడం మొదలుపెట్టింది."

ఏ సంగతి చూసి పీతల ఇగురు వండి పండగ చేసుకుందో ఆ సంగతి ఇదీ. మంగతాయి డెక్కు మీద కూలబడింది. పడవ కోసమని ఇన్నాళ్ళూ రివాజు పాటించింది. నిషేధం ఎత్తేదాకా పాటించి ఉంటే నస్రీన్ జ్ఞాపకం తుడిచేసేది. ధనరాజు కన్ను పోతోందని ఈ లోకంలో తెలిసింది నూకాలు ఒక్కదానికే. ఆ తరవాత దానికీ తెలిసేది కాదు.

ధనరాజు అరుగు మీద కూర్చుని వల అల్లుతున్నాడు. మంగతాయి, నస్రీన్ వచ్చి ఎడమపక్క నిలబడ్డారు. పడవ మాట ఎత్తగానే ఆయన వల పక్కన పడేశాడు.

"అమ్మాయ్, నీకు పెద్దోళ్ళు సెప్పలేదా? అమ్మిన పడవ మాట నాకాడ ఎత్తకు. గంగమ్మ ఊరుకోదు."

"పడవ గురించి కాదు బాబాయ్, నీ కన్ను గురించి."

"నా కంటికేటి? నలభై ఏళ్ళు సముద్రం మీదున్నాను. ఒక్క దెబ్బ తగల్లేదు పడవకి. అడుగు ఎవుడినైనా!" కోపంతో ముఖం ఎర్రబడింది. లోపలి నుంచి అప్పయమ్మ తొంగి చూసింది. నస్రీన్ డాక్టరు మాటలు మొదలుపెట్టింది గానీ ఆయన వినలేదు. ముసలోడు అయిపోయాడని చెప్పడానికి ఇద్దరు ఆడోళ్ళు వచ్చారా అన్నాడు. లేచి లోపలికి పోబోయి కుడి భుజం గుమ్మానికి కొట్టుకున్నాడు. కొట్టుకున్నట్టు ఒప్పుకోకుండా అక్కడే నిలబడ్డాడు.

మంగతాయికి ఏడుపొచ్చింది. ఏడిస్తే పని జరగదని తెలుసు. కాసేపు ఆలోచించి, అప్పయమ్మ పక్కకి తిరిగింది.

"పిన్నీ, ఇంట్లో కొబ్బరికాయుందా?"

"ఉంది."

"ఆ కొబ్బరికాయ బాబాయి చేత నాకిప్పించు. నూకాలుని బాబాయికి తిరిగి అమ్మేత్తన్నాను. సాయంత్రం దాకా అది ఆయన పడవే. తాకొచ్చు, తిట్టొచ్చు, ముద్దెట్టుకోవచ్చు. సాయంత్రం అదే కొబ్బరికాయిచ్చి నేను మళ్ళీ కొనుక్కుంటాను. గంగమ్మకి అభ్యంతరమేటి?"

ధనరాజు చాలాసేపు గుమ్మం పట్టుకుని అలాగే ఉన్నాడు. రివాజులో ఎక్కడైనా అడ్డం ఉందేమోనని వెతుకుతున్నట్టుంది. దొరకలేదు. నూకాలుని మళ్ళీ ఒకసారి పట్టుకోవాలన్న ఆశ ఆయన ముఖంలో దాగలేదు. కొబ్బరికాయ తనే తెచ్చి ఇచ్చాడు.

చక్రం మీద ఆయన చేతులు పడగానే నూకాలు తేడా మంగతాయికి కాళ్ళకింద తెలిసింది. అప్పటిదాకా తడుముకుంటూ నడిచిన పడవ ఒక్కసారిగా నీళ్ళమీద పరుగందుకుంది. ధనరాజు నడిపిస్తుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. తెప్పల మధ్యనుంచి, వలల పక్కనుంచి, ఎక్కడా వేగం తగ్గించకుండా తీసుకెళ్ళాడు. కామేశు నోరు తెరిచి చూస్తున్నాడు.

"ఏదీ? ఎక్కడుంది నా గుడ్డితనం?" అన్నాడు ధనరాజు గర్వంగా.

ముందే అనుకున్నట్టు, ఖాళీగా ఉన్న చోట మంగతాయి ఇంజను వేగం తగ్గించమంది. నస్రీన్ నూకాలు సాయాన్ని ఆపేసింది. ఇప్పుడు చక్రం ఒట్టి చక్రం. కుడివైపు, దగ్గరలోనే, లోవరాజు చిన్న తెప్ప మీద నిలబడి ఎర్ర తువ్వాలు ఊపుతున్నాడు.

"బాబాయ్, తల తిప్పకుండా సెప్పు. లోవరాజు ఎక్కడున్నాడు?"

"ఇంటికాడుండిపోయాడు గదా," అన్నాడు ధనరాజు.

తువ్వాలు గాలికి టపటపలాడుతున్న చప్పుడు వినబడుతోంది. ధనరాజు ఆ చప్పుడు విని మెల్లగా, మెడ మొత్తం తిప్పి చూశాడు. ఒక్క పడవ పొడుగు దూరంలో లోవరాజు. తువ్వాలు దించేసి తల వంచుకుని నిలబడ్డాడు. ధనరాజు అరచేత్తో ఎడమకన్ను మూసుకున్నాడు. తీశాడు. మళ్ళీ మూసుకున్నాడు.

"సీకటే," అన్నాడు. కాసేపటికి, "ఇది ఎప్పుడు జరిగింది?" అని నూకాలుని అడిగాడు. మనుషులెవరినీ కాదు.

జవాబు నస్రీన్ చెప్పింది. కళ్ళ నీళ్ళు తుడుచుకోకుండానే చెప్పింది. "తప్పు మాదండీ. అడక్కుండా, చెప్పకుండా సాయం చెయ్యడమే గొప్ప అనుకున్నాం. అమ్మేటప్పుడు అదే గొప్పగా చెప్పుకున్నాం. ఏం మోస్తున్నామో మీకు చెప్పాలని మాకు తోచలేదు."

ధనరాజు చక్రం మీద చెయ్యి అలాగే ఉంచి చాలాసేపు నిమిరాడు. కోపం లేదు ఆయనకి. "పిచ్చిముండ," అన్నాడు ముద్దుగా. "ఒక్కమాట సెప్తే నేనేమైనా కొడతానా నిన్ను?" అప్పటిదాకా బిగపట్టుకున్న మంగతాయి అక్కడ ఏడ్చేసింది.

సాయంత్రం కొబ్బరికాయ చేతులు మారింది. నూకాలు మళ్ళీ మంగతాయిదయింది. మర్నాడు అందరూ కలిసి ధనరాజుని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నీటికాసులు అన్నారు డాక్టరుగారు. నొప్పి లేకుండా, అంచుల నుంచి చూపు తినేసే జబ్బు. కుడికన్ను ఇక రాదు. ఎడమకన్నులో ఓర మాత్రమే పోయింది. రోజూ చుక్కలు వేసుకుంటే మిగిలింది నిలబడుతుంది.

"ఇంకో ఏడాది ఆగి ఉంటే నేను చెప్పగలిగేది ఏమీ ఉండేది కాదు," అన్నాడాయన. అప్పయమ్మ ఆ మాట సగమే విని, నిలబడుతుందన్నారు కదా, అది చాలు అని ఆసుపత్రి వరండాలోనే కొంగు నడుముకి బిగించింది. ఆ రోజు నుంచి చుక్కల సీసా ఆమె కొంగున కట్టుకునే తిరుగుతోంది. ఇక ఊళ్ళో ఎవరైనా తాగుబోతు అన్నారో, వాళ్ళ పని అయిపోయినట్టే.

నస్రీన్ వారం రోజులు షెడ్డులోంచి కదల్లేదు. కంపెనీవాళ్ళతో ఫోనులో గట్టిగా వాదించడం బయటివాళ్ళకి కూడా వినబడింది. ఆఖరికి నూకాలు చక్రం పక్కనున్న చిన్న తెరకి కొత్త పని పెట్టింది. ఇక మీదట సరంగు వదిలేసిన పని ఏదైనా నూకాలు అలవాటుగా అందుకుంటే, ఆ సంగతి ఆ తెర మీద తెలుగులో రాసి తీరాలి. సాయం చెయ్యొచ్చు గానీ దాచకూడదు. మిగతా నాడిపడవలన్నిటికీ అదే పెట్టాలని, ముందు ఇక్కడ నడిచి చూడాలని అంది.

తుడవమంటారా అని అడిగితే మంగతాయి వద్దంది. "దానికి తెలిసింది దానికుండనీ. ఎడం పక్క కొన్నాళ్ళు మనిషిని పెట్టుకుంటాం. కుడి పక్కకి నూకాలు, ఎడం పక్కకి పోలయ్య. పోలయ్య ఎటూ నిద్దరోడు. నిద్దరోతే తీగలు తొక్కేత్తానని భయం."

నిషేధం ఎత్తే లోపల ధనరాజు రోజూ రేవుకొచ్చాడు. మొదట్లో రివాజు గుర్తొచ్చి దూరంగా నిలబడేవాడు. పోలయ్య రోజూ కొబ్బరికాయలు ఎక్కడ తెస్తామని విసుక్కునేసరికి ఆయనే నవ్వేశాడు. తాకకుండా చెబితే తప్పులేదని తీర్పు ఇచ్చుకుని, గట్టు మీద నిలబడి అరుస్తూ నూకాలు గుణాలన్నీ చెప్పాడు. గోదారి నీళ్ళు కలిసే చోట అది భయపడినట్టు ఆగుతుంది, తొందరపెట్టొద్దు. బరువు వెనక పెడితే మూలుగుతుంది, ముందు పెట్టండి. ఐసు గది మూత దగ్గర తీగ సుకుమారం, అక్కడ చేపలు కొట్టొద్దు. మంగతాయి చక్రం పట్టుకుని వినబడినంత వింది, వినబడనిది లోవరాజు చేత మళ్ళీ చెప్పించుకుంది. రోజురోజుకీ ఇంకాస్త దూరం పోయి వచ్చారు. ఇల్లు చిన్న చుక్క అయ్యేదాకా పోయారు. ఒకరోజు ఆ చుక్క కూడా పోయింది. ఎవరికీ భయం వెయ్యలేదు.

నిషేధం ఎత్తేశారు. నడిసముద్రంలో రెండో రోజు. ఎండ చల్లబడుతోంది. చుట్టూ నీళ్ళు తప్ప ఇంకేం లేదు. పోలయ్య ఎడమపక్క కూర్చుని జానపద కథలో రాజకుమారుడిలా దిక్కులు చూస్తున్నాడు. కామేశు వెనక గాలాలకి ఎరలు గుచ్చుతున్నాడు. మంగతాయి చేతిలో చక్రం ఒక్క క్షణం ఆగి, కొంచెం వెనక్కి లాగినట్టయింది. నూకాలు వేగం తగ్గించింది. మంగతాయి కుడివైపు చూసింది, ఏమీ లేదు. ఎడమవైపు పోలయ్య ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపాడు.

అప్పుడు చక్రం పక్కన తెర వెలిగింది. అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి.

'వెనక నుంచి మనుషులు పిలిచే పిలుపు సరంగుకి అందడం లేదు. పది రోజులుగా ఆ పని నేను చేస్తున్నాను.'

మంగతాయి చదివింది. మళ్ళీ చదివింది. ఇంజను పక్కన పుట్టి, ఇంజను పక్కనే పెరిగిన చెవులు. తండ్రికీ చివరి రోజుల్లో చెవుడే. తనకి మాత్రం ఏమీ లేదనే అనుకుంది. జనమే ఈ మధ్య గొణుగుతూ మాట్లాడుతున్నారని విసుక్కుంటోంది.

తెర కింద 'చూశాను' అని చిన్న మీట ఉంది. నొక్కితే అక్షరాలు పోతాయి. తెర కనబడేంత దగ్గరలో ఎవరూ లేరు. నూకాలు ఎలాగూ చూసుకుంటుంది. పిలిస్తే ఆగుతుంది, నెమ్మదిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. సరంగుకి చెవుడని తెలిస్తే ఇంకోసారి ఇంత దూరం ఎవరొస్తారు? మంగతాయి వేలు మీట మీదకి వెళ్ళింది. ఆ వేలు చూసుకుని ఆమెకే సిగ్గేసింది. ధనరాజుకైతే ఎవరూ చెప్పలేదు. తనకి చెప్పారు.

ఇంజను ఆపేసింది. ముగ్గురినీ చక్రం దగ్గరికి రమ్మంది. తెర వైపు చెయ్యి చూపించి, ముఖం పక్కకి తిప్పుకుని నిలబడింది.

లోవరాజు పైకి చదివాడు. చదివి కామేశు వైపు చూశాడు. కామేశు పోలయ్య వైపు చూశాడు. ముగ్గురూ ఒకేసారి పకపకా నవ్వారు.

"ఎందుకురా ఆ నవ్వు?" అంది మంగతాయి కోపంగా.

"పది రోజులేటే, రెండేళ్ళ నుంచీ సెబుతున్నాను నీకు!" అన్నాడు కామేశు. "ఎనకనించి సెబుతున్నాను. అదీ నా తప్పు."

"మరి ఇప్పుడెందుకు నెమ్మదించింది పడవ?" అంది మంగతాయి.

"నేనే పిలిచానొదినా, టీ తాగుతావా అని," అన్నాడు లోవరాజు. "మూడుసార్లు పిలిచాను. నువ్వు పలకలేదు. ఇదే పలికింది."

మంగతాయికి నవ్వొచ్చింది. కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. రెండూ ఆపుకోలేదు. "అయితే ఇక ఎనకనించి అరవకండి. వచ్చి భుజం తట్టండి. ఒడ్డుకెళ్ళాక డాక్టరికి సూపించుకుంటాను. అందాకా తట్టడమే."

మీట నొక్కకుండానే ఇంజను వేసింది. ముగ్గురూ ఎవరి చోటుకి వాళ్ళు వెళ్ళారు. నూకాలు మళ్ళీ తూర్పుకి తిరిగింది. కాసేపటికి ఎవరో మెత్తగా ఆమె ఎడమ భుజం తట్టారు. తిరిగి చూస్తే లోవరాజు, చేతిలో టీ గ్లాసుతో.